తొలి నవల రాయడం, పాఠకుల దాకా చేర్చడం

నవల రాయాలనుకునే వారిలో చాలామంది రచనను ఒక పనిగా, ప్రచారాన్ని దానికి పూర్తిగా ఎదురు నిలిచే మరో పనిగా చూస్తారు. మొదటిది తలుపు వేసుకుని చేసుకునేదనీ, రెండోది మొహమాటం చంపుకుని నలుగురిలో చేయవలసిందనీ అనుకుంటారు. తొలి నవల వెలువరించిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం వేరు. ఈ కథను ఎవరు చదువుతారు, వారు ఏం తెలుసుకోవాలని తరువాతి పేజీ తిప్పుతారు అన్న ప్రశ్నకు రాతప్రతి దశలోనే జవాబు వెతుక్కున్న వారికి ప్రచారంలో కొత్తగా నేర్చుకోవలసింది తక్కువగానే ఉంటుంది. ఆ ప్రశ్న వేసుకోకుండా అచ్చుకు వెళ్లినవారికి ఎంత ఖర్చు పెట్టినా ఆ లోటు పూడదు. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చిత్తుప్రతి ముగించడం

ఉద్యోగమో ఇంటి బాధ్యతలో ఉన్నవారికి గంటల లెక్క కన్నా పదాల లెక్క మేలు. రెండు గంటలు కుర్చీలో కూర్చుని ఒక్క వాక్యం రాయని రోజులు అందరికీ ఉంటాయి. రోజుకు 500 పదాలు రాయగలిగితే 60,000 పదాల చిత్తుప్రతి 120 రోజుల్లో పూర్తవుతుంది. అమెరికాలో 1999లో మొదలై ప్రపంచమంతటా వ్యాపించిన నానోరైమో అనే సామూహిక నవలా రచన కార్యక్రమం నెల రోజుల్లో 50,000 పదాలు, అంటే రోజుకు సుమారు 1,667 పదాలు లక్ష్యంగా పెట్టేది. ఆ వేగం కొందరికి ఊపునిస్తుంది. అయితే తీరిక తక్కువ ఉన్నవారు మొదటి వారంలోనే వెనకబడి, ఆ దిగులుతోనే రాతను వదిలేసే ప్రమాదమూ ఉంది కనుక, వారంలో ఒక రోజు ఖాళీగా పోయినా తట్టుకోగలిగే లక్ష్యాన్ని పెట్టుకోవడమే వివేకం.

చిత్తుప్రతి చివరికి చేరేదాకా మొదటి అధ్యాయాన్ని తిరగరాయకూడదు. కథ ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ఆరంభాన్ని చెక్కుతూ కూర్చుంటే, తీరా ముగింపు దొరికాక ఆ ఆరంభం మొత్తం తీసివేయవలసి వస్తుంది. మధ్యలో తట్టిన మార్పులను ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఆ మార్పు అప్పటికే జరిగిపోయినట్టు భావించి ముందుకు సాగాలి. అదే నోటుపుస్తకంలో పాత్రల పేర్లు, వయసులు, బంధుత్వాలు, సంఘటనలు జరిగిన నెలలు, వారాలు కూడా రాసిపెట్టుకోవాలి. మూడో అధ్యాయంలో ఎడమచేతి వాటం ఉన్న మనిషి ఇరవయ్యో అధ్యాయంలో కుడిచేత్తో సంతకం పెడితే రచయిత గమనించకపోవచ్చు గానీ పాఠకుడు తప్పక గమనిస్తాడు.

ఫైలును భద్రపరచుకోవడం గురించి ఒక్క మాట చాలు: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. ఇంటర్నెట్ నిల్వ ఆ మూడో నకలుగా సరిపోతుంది.

దిద్దుబాటు

నవల నిజంగా తయారయ్యేది ఇక్కడే. చిత్తుప్రతి ముగిసిన వెంటనే దిద్దడం మొదలుపెట్టకుండా, కనీసం కొన్ని వారాలు దాన్ని చూడకుండా ఉంచాలి. రాసినప్పటి ఉద్దేశం మనసులో పచ్చిగా ఉన్నంతకాలం కాగితం మీద లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

దిద్దుబాటుకు ఒక వరుస ఉంది. ముందు కథ నిర్మాణం, తరువాత సన్నివేశాలు, ఆపైన వాక్యాలు, చివరికి అచ్చుతప్పులు. ఈ వరుస తప్పితే శ్రమ వృథా అవుతుంది. రేపు తీసివేయబోయే అధ్యాయంలో ఈ రోజు అచ్చుతప్పులు దిద్దుకోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. నిర్మాణాన్ని పరీక్షించడానికి నేను పాటించే పద్ధతి సులువైనది. ఒక్కో అధ్యాయానికి ఒక్క వాక్యం చొప్పున, ఆ అధ్యాయం మొదట్లో ఉన్న ఏ పరిస్థితి చివరికి మారిందో రాసుకుంటాను. మారినదేమీ రాయలేకపోతే ఆ అధ్యాయాన్ని పక్క అధ్యాయంలో కలపాలి, లేదా తీసివేయాలి. తీసివేయడానికి మనసొప్పని అధ్యాయాలు సాధారణంగా వర్ణన బాగా కుదిరినవే అయి ఉంటాయి. వాటిని వేరే ఫైలులో దాచుకుంటే ఆ బాధ కొంత తగ్గుతుంది.

వాక్యస్థాయి దిద్దుబాటు ఎలా ఉంటుందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. రైల్వేస్టేషన్‌లో పోయిన వస్తువులు అప్పగించే కౌంటర్‌లో పనిచేసే ఒక యువతి కథ అనుకుందాం. చిత్తుప్రతిలో ఇలా ఉంది: “ఆమెకు విపరీతమైన కోపం వచ్చింది. తనను మోసం చేస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ‘మీరు అబద్ధం చెబుతున్నారు’ అని కోపంగా అరిచింది.” ఇందులో కోపం రెండుసార్లు చెప్పబడింది, ఒక్కసారి కూడా కనిపించలేదు. దిద్దిన తరువాత ఇలా మారవచ్చు: “అతను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగింది. తరువాత రిజిస్టరును అతని వైపు తిప్పి, కిందటి వారం పేజీ తెరిచి, ‘ఈ సంతకం మీదేనా?’ అంది.” రెండో దానిలో కోపమన్న మాట లేదు. రిజిస్టరు తిప్పిన చేతిలో అది ఉంది. పైగా ఆమె ఉద్యోగం, జాగ్రత్త, తెలివి కూడా అదే కదలికలో తెలిసిపోతాయి. నవలలో ప్రతి వాక్యాన్నీ ఇలా మార్చాలని కాదు. కథ మలుపు తిరిగే చోట్ల మాత్రం పాత్ర భావాన్ని పేరుపెట్టి చెప్పే వాక్యాలను ఏరి, వాటి బదులు ఆ పాత్ర మాత్రమే చేయగల పనిని పెట్టి చూడాలి.

తరువాతి మెట్టు తొలి పాఠకులు. నలుగురైదుగురు చాలు. వారిలో రచయితలు ఎక్కువ మంది ఉండకపోవడమే మంచిది, ఎందుకంటే రచయితలు తామైతే ఎలా రాసేవారో చెబుతారు, పాఠకులు తమకు ఎక్కడ విసుగు పుట్టిందో చెబుతారు. “ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది” అన్న జవాబే వస్తుంది. అలా కాకుండా, ఎక్కడ చదవడం ఆపి మరుసటి రోజుకు వాయిదా వేశారు, ఏ పాత్ర పేరు గుర్తులేక వెనక్కి వెళ్లి చూశారు, ముగింపు ఏ పేజీ దగ్గర ఊహించారు అని అడగాలి. ఒక్కరు చెప్పిన అభ్యంతరాన్ని ఆలోచించాలి. ముగ్గురు ఒకే చోటును చూపిస్తే అక్కడ లోపం ఉన్నట్టే. అయితే దానికి వారు సూచించే పరిష్కారం సరైనదే కావాలని లేదు.

డబ్బు ఖర్చుపెట్టగలిగితే అన్నిటికన్నా ముందు సంపాదకుడికి పెట్టాలి, ఆ తరువాత ముఖచిత్రానికి, మిగిలితే ప్రచారానికి. ఈ వరుసను తలకిందులు చేసిన పుస్తకాలు మొదటి వారంలో కొనిపించుకుంటాయేమో గానీ, చదివినవారు మరొకరికి చెప్పరు. సంపాదకుడితో ముందుగానే ఒక అధ్యాయం మీద పని చేయించి చూసుకుని, కథ నిర్మాణం మీద సలహా కావాలో, భాష దిద్దుబాటు కావాలో, కేవలం ప్రూఫులు (అచ్చుకు ముందటి నమూనా పేజీలు) చూడటమో స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఈ మూడూ వేర్వేరు పనులు, వేర్వేరు నైపుణ్యాలు.

ప్రూఫులు దిద్దేటప్పుడు ఫాంటు, అక్షరాల పరిమాణం మార్చి కాగితం మీద ప్రింటు తీసుకుంటే కళ్లు అలవాటుగా దాటవేసిన తప్పులు పట్టుబడతాయి. సంభాషణలు గట్టిగా చదవడం తప్పనిసరి. ఊపిరి చాలని వాక్యం పాత్ర నోట పలికేది కాదు.

ప్రచురణ మార్గం, హక్కులు

ప్రచురణకర్తకు పంపడమా, సొంతంగా వేసుకోవడమా అన్నది స్థోమత, ఓపిక, తీరికలను బట్టి తేల్చుకోవలసిన విషయం. ప్రచురణకర్తకు పంపేటప్పుడు వారు ఇదివరకు వేసిన పుస్తకాలను చూసి, మన నవల ఆ వరుసలో ఇముడుతుందో లేదో గమనించాలి. ఒక పేజీ పరిచయం, రెండు మూడు పేజీల కథాసంగ్రహం, మొదటి మూడు అధ్యాయాలు సిద్ధంగా ఉంచుకుంటే చాలాచోట్ల సరిపోతుంది. కథాసంగ్రహంలో ముగింపును దాచకూడదు. అది పాఠకుడిని ఊరించడానికి రాసేది కాదు, ప్రచురణకర్త నిర్ణయం తీసుకోవడానికి రాసేది.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు చదవాలి. రాయల్టీ (అమ్మకాల మీద రచయితకు వచ్చే వాటా) శాతం పుస్తకం మీద ముద్రించిన ధరపైనా, ప్రచురణకర్త చేతికి వచ్చే సొమ్ముపైనా అన్నది మొదటిది. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు ఎవరి దగ్గర ఉంటాయన్నది రెండోది. ఒప్పందం ఎన్నేళ్లు అమలులో ఉంటుందన్నది మూడోది. ప్రతులు అయిపోయి పునర్ముద్రణ జరగకపోతే హక్కులు రచయితకు తిరిగి వచ్చే నిబంధన ఉందా లేదా అన్నది నాలుగోది, కొత్త రచయితలు అసలు అడగనిది కూడా అదే. సంప్రదాయ ప్రచురణలో డబ్బు రచయిత వైపు రావాలి. “మీ నవల ఎంపికైంది” అని అభినందించి, ఆ వెంటనే పెద్ద మొత్తం కట్టమనే సంస్థ చేస్తున్నది ప్రచురణ కాదు, సేవల అమ్మకం. అలాంటి సేవలు కొనుక్కోవడంలో తప్పులేదు గానీ, దాన్ని ఎంపిక అనుకుని మురిసిపోకుండా ఏ సేవకు ఎంత అన్న జాబితా అడిగి తీసుకోవాలి.

కాపీరైటు గురించి భయాలు ఎక్కువ, తెలిసింది తక్కువ. 1886 నాటి బెర్న్ అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందాన్ని పాటించే దేశాలలో రచన రూపుదిద్దుకున్న క్షణం నుంచే రచయితకు హక్కు ఏర్పడుతుంది. రిజిస్ట్రేషన్ దానికి షరతు కాదు, వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. రక్షణ దొరికేది రాసిన తీరుకే, ఇతివృత్తపు ఆలోచనకు కాదు. కాబట్టి ఆలోచన ఎవరైనా దొంగిలిస్తారేమోనని తొలి పాఠకులకు కూడా చూపించకుండా దాచుకోవడం వల్ల నష్టపోయేది రచయితే.

సొంతంగా ప్రచురించేవారు ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తామే తీసుకోవాలి. 2007 జనవరి 1 నుంచి ఈ సంఖ్యలో 13 అంకెలు ఉంటున్నాయి, అంతకు ముందు 10 ఉండేవి. మామూలు అట్ట ప్రతికి, గట్టి అట్ట ప్రతికి, ఈ-బుక్కుకు వేర్వేరు సంఖ్యలు కావాలి. అమెజాన్ నడిపే సొంత ప్రచురణ వేదిక కేడీపీలో ఈ-బుక్కును పెట్టేటప్పుడు ‘కేడీపీ సెలెక్ట్’ అనే ఎంపికను ఆలోచించి ఎంచుకోవాలి, ఎందుకంటే అందులో చేరితే 90 రోజుల పాటు ఆ ఈ-బుక్కును మరెక్కడా అమ్మడానికి వీలుండదు. కృత్రిమ మేధతో తయారైన పాఠ్యం గాని బొమ్మ గాని ఉంటే ఆ సంగతి తెలియజేయాలన్న నిబంధన కూడా 2023 నుంచి అక్కడ ఉంది. ముఖచిత్రం వేరొకరితో చేయించుకునేవారు ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి.

అచ్చు, అట్ట

ఎక్కువ ప్రతులు ఒకేసారి వేసే ఆఫ్‌సెట్ ముద్రణలో పేజీలు సాధారణంగా 16 పేజీల ఫారంలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే గుంపులుగా వెళతాయి. 208 పేజీల పుస్తకం సరిగ్గా 13 ఫారంలు. అదే 210 పేజీలైతే పద్నాలుగో ఫారం అవసరమై, చివర ఖాళీ పేజీలకు కూడా డబ్బు కట్టినట్టవుతుంది. ముందుమాట రాసే పెద్దలకు ఇచ్చే పేజీల సంఖ్యను కూడా ఈ లెక్క చూసుకునే చెప్పడం మంచిది. ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో ఆర్డరు వచ్చినప్పుడే ప్రతి అచ్చవుతుంది కనుక ఒక్కో ప్రతికి ఖర్చు ఎక్కువైనా, అమ్ముడుపోని కట్టలు ఇంట్లో పేరుకుపోవు. తొలి నవలకు ఈ పద్ధతే సురక్షితమని నా ఉద్దేశం.

పుస్తకం వీపు మందం కాగితాన్ని బట్టి ఉంటుంది. 208 పేజీలంటే 104 ఆకులు. ఆకు మందం 0.1 మిల్లీమీటరు అయితే వీపు 10.4 మిల్లీమీటర్లు. కాబట్టి లోపలి పేజీలు ఖాయమయ్యేదాకా పూర్తి అట్ట ఖాయం చేయకూడదు. బొమ్మల స్పష్టత 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) ఉండాలి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) వదలాలి. ముఖచిత్రాన్ని ఫోనులో బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి చూసినప్పుడు కూడా పేరు చదవగలగాలి, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని మొదట చూసేది ఆ సైజులోనే.

ప్రచారం

ప్రచారంలో మొదటి వస్తువు వెనక అట్ట మీది మాటలు. సమీక్షకులు, పుస్తక విక్రేతలు, పరిచయం చేసే మిత్రులు అందరూ ఆ నాలుగు వాక్యాలనే తిప్పి తిప్పి చెబుతారు. ఇందాకటి నవలకే వెనక అట్ట రాద్దాం. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: “మానవ సంబంధాల లోతులను స్పృశిస్తూ, జీవితంలోని ఎత్తుపల్లాలను ఆవిష్కరించే అపురూపమైన నవల.” ఈ వాక్యాన్ని ఏ నవల మీద వేసినా చెల్లుతుంది కనుక ఏ నవలకూ పనికిరాదు. దాని బదులు: “పోయిన వస్తువుల కౌంటర్‌లో పనిచేసే యువతి చేతికి ఒక రోజు ఒక పాత చేతిగడియారం చేరింది. పదకొండేళ్ల కిందట తన తండ్రితో పాటు కనిపించకుండా పోయిన గడియారమది. దాన్ని తీసుకువెళ్లడానికి వచ్చిన మనిషి మాత్రం ఆమె తండ్రి కాదు.” ఇక్కడ పొగడ్త లేదు. చదివినవారికి ఒక ప్రశ్న పుడుతుంది, దానికి జవాబు లోపల ఉంది. పొగడవలసిన పని సమీక్షకులది, ప్రశ్న పుట్టించవలసిన పని రచయితది. ఈ మూడు వాక్యాలు రాయలేకపోతున్నామంటే తరచుగా లోపం వెనక అట్టలో కాక రాతప్రతిలోనే ఉంటుంది. అందుకే వీటిని అచ్చుకు వెళ్లే ముందు రోజున కాకుండా రెండో ప్రతి దిద్దే రోజుల్లోనే రాసి చూడమంటాను.

అలాగే సమీక్షకులకు ఇవ్వడానికి ఒక చిన్న సమాచార కట్ట సిద్ధం చేసి ఉంచుకోవాలి: పెద్ద సైజు ముఖచిత్రం, ఒకటి పొట్టిగా ఒకటి కాస్త వివరంగా రెండు పరిచయాలు, రచయిత ఫొటో, పేజీల సంఖ్య, ఐఎస్‌బీఎన్, ధర, దొరికే చోటు, ప్రచురించుకోవడానికి అనుమతించిన ఒక అధ్యాయం. సమీక్షకుడు అడిగినప్పుడు వెతుక్కుంటూ నాలుగు రోజులు తీసుకుంటే, అతని చేతిలోకి ఈలోగా వేరే పుస్తకం వస్తుంది.

సమీక్ష ప్రతులను విడుదలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పంపడం మంచిది. పంపేవారికి ఆ రకం నవలల మీద ఇష్టం ఉందో లేదో వారి పాత సమీక్షలు చదివి తెలుసుకోవాలి. ఉత్తరంలో రెండు మూడు వాక్యాలు మించకుండా, ఈ పుస్తకం వారికే ఎందుకు పంపుతున్నామో రాయాలి. ఒకసారి గుర్తుచేయడం మర్యాద, మూడోసారి గుర్తుచేయడం వేధింపు. ఆన్‌లైన్ సమీక్షల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రాసే సమీక్షలను, డబ్బు తీసుకుని రాసే వాటిని అమెజాన్ అనుమతించదు. సమీక్ష రాయాలన్న షరతు లేకుండా ఉచిత ప్రతి ఇవ్వవచ్చు. బంధువుల చేత అయిదు నక్షత్రాలు వేయించుకుంటే అవి తొలగిపోవడమే కాక, నిజమైన పాఠకుల నమ్మకం కూడా పోతుంది.

ఆవిష్కరణ సభ పెడితే పెట్టవచ్చు. అయితే దానికి వచ్చేవారు ఎలాగూ పుస్తకం కొనేవారే. వక్తల సంఖ్య తగ్గించి, రచయిత అయిదు నిమిషాలు చదివే భాగాన్ని జాగ్రత్తగా ఎంచుకుంటే సభ ఉపయోగపడుతుంది. ముందు కథ వివరించకుండానే అర్థమయ్యే, ఇద్దరికి మించి పాత్రలు లేని, ఉత్కంఠ తీరకముందే ఆగే సన్నివేశం ఇందుకు తగినది. ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి చూసుకోవాలి, సభలో అందరూ తాము అనుకున్నదాని కన్నా వేగంగా చదివేస్తారు.

సామాజిక మాధ్యమాలలో “నా పుస్తకం కొనండి” అన్న మాట రోజూ చెప్పేవారిని జనం పలకరించడం మానేస్తారు. కథకు సంబంధించిన లోకాన్ని పంచుకుంటే వింటారు. పోయిన వస్తువుల గది గురించి రాసిన రచయిత, జనం రైళ్లలో ఏమేం మరచిపోతారో, వాటిని ఎలా నమోదు చేస్తారో చెప్పవచ్చు. ఆ వివరాలు ఎలాగూ నవల కోసం సేకరించినవే. అన్ని వేదికల మీదా ఉండాలన్న తాపత్రయం వద్దు. మన పాఠకులు ఉండే ఒక్క వేదికను ఎంచుకుని, దానితో పాటు ఇష్టపడి ఇచ్చినవారి ఈమెయిలు చిరునామాల జాబితా ఒకటి పెంచుకోవాలి. వేదికల నియమాలు రాత్రికి రాత్రి మారిపోతాయి, ఆ జాబితా మాత్రం రచయిత చేతిలోనే ఉంటుంది. గ్రంథాలయాలను, పుస్తక చర్చా బృందాలను కొత్త రచయితలు చిన్నచూపు చూస్తారు గానీ, పదిమంది శ్రద్ధగా చదివి గంటసేపు వాదించుకున్న పుస్తకం ఎంతోమంది చూసి వదిలేసిన ప్రకటన కన్నా దూరం వెళుతుంది. బృందాలకు పంపేందుకు ఏడెనిమిది చర్చా ప్రశ్నలు రాసి ఉంచుకుంటే వారి పని సులువవుతుంది.

చెడ్డ సమీక్షకు జవాబు ఇవ్వకూడదు. వివరణ ఇవ్వాలనిపించినా, మిత్రులు తమ తరఫున వాదిస్తామన్నా వద్దనాలి. అందులో వాస్తవ దోషం ఏదైనా ఎత్తిచూపితే దాన్ని మాత్రం రాసిపెట్టుకోవాలి.

ఆ రాసిపెట్టుకోవడానికి ఒక ప్రతిని ప్రత్యేకంగా కేటాయించి, దాని అట్ట మీద ‘దిద్దుబాటు ప్రతి’ అని రాసి ఉంచడం మంచి అలవాటు. పాఠకులు చెప్పిన అచ్చుతప్పులు, తారీకుల తేడాలు అందులో పేజీలోనే గుర్తించి, పునర్ముద్రణకు ముందు ఒకేసారి దిద్దించాలి. ఈ-బుక్కును అంతదాకా ఆపనక్కరలేదు, సరిచేసిన ఫైలును ఎప్పుడైనా ఎక్కించవచ్చు. కేవలం అచ్చుతప్పులు దిద్దిన పునర్ముద్రణకు పాత ఐఎస్‌బీఎన్ చెల్లుతుంది; అధ్యాయాలు చేర్చినా, కథను గణనీయంగా మార్చినా అది కొత్త కూర్పు (ఎడిషన్) అవుతుంది కనుక కొత్త సంఖ్య తీసుకుని, హక్కుల పేజీలో ఆ సంగతి, సంవత్సరం స్పష్టంగా వేయాలి.